బెల్లం సాక

మా ఇంట్లో ఫ్రిజ్ తలుపుకున్న పై అరలో నేను గుడ్లు పెట్టను. పనిమనిషి మరిచిపోయి పెడితే తీసి కింద పెట్టిస్తాను. ఆ అర ఒకరిది. ఆమె పోయి ఈ వైశాఖానికి ఏడాది. ఏడాది దినానికి రమ్మని చెప్పడానికి వాళ్ళాయన తాండూరు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. వంటింటి గుమ్మంలోంచి లోపలికి చూసి, "గదేనా అమ్మా ఆ ఫ్రిజ్" అన్నాడు. అదేనన్నాను. ఇన్నేళ్ళలో దాన్ని అతను చూడటం అదే మొదలు. కాసేపు చూసి వెళ్ళిపోయాడు.

నేను లెక్క చూసుకునే మనిషిని. మా వారికి తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్ ఉండేది. ఎంత బండ వచ్చింది, ఎంత పగిలింది, ఏ లారీకి ఎంత ఎక్కింది అన్నీ నేనే చూసేదాన్ని. కొలతా తేదీ వేయని బండను గేటు దాటనిచ్చేదాన్ని కాదు. తేదీ లేని వస్తువు మీద నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. ఆమె నాకు దగ్గరైంది ఈ గుణం వల్లే అనుకుంటాను. ఆమెకూ ఒక లెక్క ఉండేది. అది ఒళ్ళంతా పాకి ఉండేది.

మొదటిసారి చూసింది వికారాబాద్ నుంచి తాండూరు వచ్చే బస్సులో. మా వారు పోయిన మరుసటి శ్రావణం, శుక్రవారం. అనంతగిరి మలుపుల్లో బస్సు అటూ ఇటూ ఊగుతోంది. నా పక్కన కూర్చున్న పిల్ల ఒళ్ళో వైరు బుట్ట, దాంట్లో స్టీలు టిఫిన్ డబ్బా. ఆ పిల్లకు ఇరవై రెండు నిండాయని తర్వాత తెలిసింది. పరిచయం లేదు, పలకరింపు లేదు. డబ్బా నా చేతిలో పెట్టి, "జర గిది పట్టు పెద్దమ్మ" అంది. మూత తీస్తే మంచు ముక్కలు, వాటి మధ్య కవరులో చుట్టిన మందు సీసాలు. సూది తీసి, కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని, గీతలు చూసుకుని, చీర అంచు పక్కకు జరిపి పొట్ట మీద గుచ్చుకుంది. బస్సు గుంతలో పడ్డా చెయ్యి కదల్లేదు. తర్వాత మూట విప్పి జొన్నరొట్టె తినడం మొదలుపెట్టింది.

కండక్టర్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అతనితో అంది: "నీకు టికెట్ల లెక్క, నాకు గీతల లెక్క. తప్పితే నీ జీతం పోతది, నా పానం పోతది. సూడకు, పో."

మా వారికి చివరి ఏళ్ళలో షుగర్‌కు సూదులు నేనే వేసేదాన్ని కనుక ఆ సీసాలు నాకు కొత్త కాదు. కాని ఇంత చిన్న వయసులోనా అని అడిగాను. పదేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచీ అంది. తిని, నీళ్ళు తాగి, చేతులు దులుపుకుని, నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి అడిగింది.

"మీ ఇంట్ల ఫ్రిజ్ ఉన్నదా పెద్దమ్మ?"

నా పేరు అడగలేదు, ఊరు అడగలేదు. ఉందన్నాను. అలా ఆ పై అర ఆమెదైంది.

ఆమెకు పెళ్ళయి అప్పటికి మూడు నెలలు. అత్తగారి ఊరు కోట్‌పల్లి దాటి లోపలికి. గొర్లు కాసుకునే ఇల్లు, కాస్త కంది చేను. పెళ్ళి కుదిరినప్పుడు ఈ జబ్బు సంగతి చెప్పలేదు. మొగుడికి మాత్రం పెళ్ళయిన మర్నాడే తనే చెప్పుకుంది. అతను లారీ మీద బండలు తోలుతాడు, నెలలో సగం రోజులు షోలాపూర్ దారిలో ఉంటాడు. విని, కాసేపు తల పట్టుకుని, "మా అవ్వకు చెప్పకు" అన్నాడట. తెలిస్తే ఆ ముసలామె కోడలిని పుట్టింటికి పంపించి పెద్దమనుషుల్ని కూర్చోబెడుతుందని అతని భయం. అందుకే మందు సీసాలు నా దగ్గర. నెలకొకటి తీసుకుపోయేది. దాని మీద నేను తేదీ వేసి ఇచ్చేదాన్ని. ఊళ్ళో దాన్ని గొర్ల దొడ్డిలో ఒక మూల, తడి ఇసుకలో పాతిన చిన్న కుండలో దాచేది. సూది కూడా అక్కడే, గొర్ల మధ్య కూర్చుని వేసుకునేది.

"గొర్లు మంచియి పెద్దమ్మ. చూస్తయి గాని ఎవ్వలకు చెప్పవు" అనేది.

మనిషి నడిస్తే పక్కవాళ్ళు పరుగెత్తాలి. బస్సు కదిలాక ఎక్కేది, ఆగకముందే దిగేది. అంత నడకలోనూ ఒక అలవాటు ఉండేది. ఉన్నట్టుండి కుడి చెయ్యి మెడ వెనక్కి పోయి, జుట్టు కింద ఒకసారి తడిమి వచ్చేది. నగ సరిచేసుకుంటోందనుకున్నాను మొదట. చెమట చూసుకుంటోందట. ఎండ చెమట వెచ్చగా ఉంటుంది, చక్కెర పడిపోయినప్పుడు పట్టే చెమట చల్లగా ఉంటుంది అని చెప్పింది. చల్లటి చెమట తగిలితే కొంగు ముడి విప్పి బెల్లం ముక్క నోట్లో వేసుకునేది. ఆ ముడి లేని కొంగును నేను చూడలేదు. ఆమె కూర్చుని లేచిన చోటికి కాసేపటికి చీమలు వచ్చేవి. మా పనిమనిషి సణిగేది.

"నాకు రెండు మందలు పెద్దమ్మ" అని ఒకసారి అంది. "ఒకటి కండ్లకు కనవడుతది, ఒకటి కనవడది. రెండింటిని పొద్దున లేస్తే లెక్కవెట్టాలె. గొర్రె తప్పిపోతే దేవులాడితే దొరుకుతది. ఈ రెండోది తప్పిపోతే నేనే దొరక."

నవ్వుతూ అంది. నేను నవ్వలేదు.

ఎంత దూరం నడుస్తుందో, ఏం తింటుందో, దాన్ని బట్టి గీతలు మారేవి. మందను కోట్‌పల్లి చెరువు దాకా తోలే రోజు తగ్గించుకునేది, ఇంటి దగ్గర ఉన్న రోజు పెంచుకునేది. పండుగ రోజు బూరె తింటే ఎంత, బతుకమ్మ ఆడితే ఎంత, కంది కోతకు పోతే ఎంత, అన్నీ నోటికి ఉండేవి. జ్వరం వస్తే ఏం చేస్తావని అడిగాను. తిండి తినకపోయినా సూది మానకూడదని వికారాబాద్ ఆసుపత్రి డాక్టరమ్మ చెప్పిందట. కడుపుతో ఉన్నప్పుడు తొమ్మిది నెలలూ ఆ డాక్టరమ్మ దగ్గరికి పోయి వచ్చింది. ఇంట్లో ఏం చెప్పి పోయేదో నాకు తెలియదు. ఆడపిల్ల పుట్టింది, బొద్దుగా, మూడు కిలోలకు కాస్త ఎక్కువ.

జబ్బు ఎలా బయటపడిందో ఆమె ఒకే ఒకసారి చెప్పింది. పదేళ్ళప్పుడు కుండలకు కుండలు నీళ్ళు తాగేదట. ఉచ్చ పోసిన చోట చీమలు పట్టేవట. ఒళ్ళు కరిగిపోయి గౌను జారిపోయేది. ఎండదెబ్బ అన్నారు కొందరు, దిష్టి అన్నారు కొందరు. ఒక రోజు మగతగా పడుకుని పెద్దగా ఊపిరి తీస్తుంటే నాయన వంగి నోటి దగ్గర వాసన చూశాడు. జంట పిల్లలు మోసే సూడి గొర్రె ఒక్కోసారి మేత మానేసి కూలబడుతుంది. అప్పుడు దాని నోట్లోంచి మాగి చితికిన సీతాఫలం లాంటి వాసన వస్తుంది. ఆ వాసన వచ్చిన గొర్రె రెండు రోజులు కూడా బతకదని గొర్లు కాసేవాళ్ళకు తెలుసు. కూతురి నోట్లోంచి అదే వాసన. ఆయన ఇంకెవర్నీ అడగలేదు. పిల్లను భుజాన వేసుకుని వికారాబాద్ పోయే బస్సుకు అడ్డం నిలబడ్డాడు.

"మా నాయనకు చదువు రాదు. ముక్కు వచ్చు" అంది. ఆ మాట అన్నప్పుడు ముఖంలో చిన్న గర్వం. ఆ నాయన ఆమె పెళ్ళికి ముందే పోయాడు.

ఇక ఎల్లమ్మ సంగతి.

పెళ్ళయిన మరుసటి ఎండాకాలం, ఊళ్ళో ఎల్లమ్మ బోనాలు. కొత్త కోడలు బోనం ఎత్తాలి. ఒక్కపొద్దు ఉండాలి. ఆ పొద్దున మందను కూడా తోలి వచ్చింది. డప్పుల మధ్య, నెత్తిన బోనంతో, సగం దారిలో చల్లటి చెమట పట్టింది. కొంగు ముడి విప్పుకోవడానికి రెండు చేతులూ బోనం మీద ఉన్నాయి. ఊగిపోయింది. కళ్ళు తేలిపోయాయి. చుట్టూ ఉన్నవాళ్ళకు అది జబ్బుగా ఎందుకు కనిపిస్తుంది? అమ్మవారు వచ్చిందన్నారు. బోనం దించి, పసుపు నీళ్ళు పోసి, అత్తే ముందుకు వచ్చి చేతులు జోడించి అడిగింది, ఏం కావాలె తల్లీ అని.

ఆమెకు నోట్లోంచి వచ్చింది ఒక్క మాట. బెల్లం.

బెల్లం కలిపిన నీళ్ళు, అమ్మవారి ముందు సాక ధారపోసినట్టు, చెంబుతో నోట్లో పోశారు. నాలుగు నిమిషాల్లో ఆమె కళ్ళు తెరిచి కూర్చుంది, చెమట ఆరింది, మాట తేటగా వచ్చింది. అడిగింది ఇవ్వగానే అమ్మవారు శాంతించి దిగిపోయిందని ఊరంతా కళ్ళారా చూసింది. ఇంకేం సాక్ష్యం కావాలి?

ఆ నెల సీసా కోసం వచ్చినప్పుడు ఈ కథ చెబుతూ పొట్ట పట్టుకుని నవ్వింది. అత్త తన కాళ్ళకు మొక్కిందట. "మొన్నటిదాక రొట్టె మాడిందని తిట్టిన నోరేనా పెద్దమ్మ గది!" ఆ తర్వాత ఆమె దాన్ని అలాగే ఉండనిచ్చింది. పైగా ఒక పద్ధతి పెట్టింది. తన మీదికి వచ్చే ఎల్లమ్మకు కల్లు వద్దు, కోడి వద్దు. ఒళ్ళు వణికితే ముందు బెల్లం సాక పోయాలి, ఆ తర్వాతే మాట అడగాలి. ఇంట్లో ఒక రాగి చెంబు దానికే పెట్టారు. చేలో పక్కన పనిచేసే ఆడవాళ్ళ కొంగుల్లో కూడా బెల్లం ముళ్ళు వచ్చాయి. ఆమె ఎక్కడ ఊగినా ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చి నోట్లో పోసేవాళ్ళు. ఒకసారి మందతో చెరువు గట్టు మీద పడిపోతే, పక్క ఊరి కాపరి ఒకతను అమ్మవారని దండం పెట్టి మరీ బెల్లం పెట్టాడట. అలా ఆమె ఎన్నిసార్లు బతికి బయటపడిందో నాకు తెలుసు. పద్ధతి పనిచేసింది. నా భయమూ అక్కడే మొదలైంది.

"నువ్వు వాళ్ళకు సగం లెక్కే నేర్పినవ్ బిడ్డ" అన్నాను ఒక రోజు. "పడిపోతే బెల్లం. మరి చక్కెర ఎక్కితే?"

"ఎక్కితే నాకు తెలుస్తది గద. నేనే సూది ఏసుకుంట."

"నీకు తెలివి లేనప్పుడు?"

డబ్బాలో మంచు సర్దుతున్న చెయ్యి ఆగింది. తల ఎత్తకుండానే అంది:

"ఎల్లమ్మకు బెల్లం కావాలె అంటే మొక్కుతరు. ఎల్లమ్మకు సూది కావాలె అంటే ఏమంటరు పెద్దమ్మ?"

ఇప్పుడు చెబితే ఆమె రోగిష్టిదీ అవుతుంది, అమ్మవారి పేరు చెప్పి మోసం చేసినదీ అవుతుంది. కూతురు కాస్త పెద్దదైతే దానికి అంతా నేర్పుతానంది. చిన్నప్పటి నుంచే నేర్పితే దానికి సిగ్గు ఉండదు, భయం ఉండదు అంది. ఆమె వచ్చినప్పుడల్లా నేను ఆ మాట ఎత్తేదాన్ని. ఆమె వచ్చే నెల అనేది. అలా ప్రతి నెలా సీసా మీద తేదీ పడేది, ఆ సగం మాత్రం అలాగే ఉండిపోయేది.

పోయిన వైశాఖంలో, బోనాలకు ముందు రోజు, మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. గొంతు ఆమెదే కాని మాటకూ మాటకూ మధ్య పొడుగాటి ఊపిరి.

"పెద్దమ్మ, సీసా నీళ్లయినట్టున్నది. నిన్నటి సంది ఎంత ఎక్కిచ్చినా చక్కెర దిగుతలేదు. మూడు పార్ల కక్కిన. కొత్తది తెస్తవా?"

పండుగకని ఇల్లూ దొడ్డీ సున్నం కొట్టారు. దొడ్డిలో ఉన్న కుండలన్నీ బయట పరుపు బండల మీద పెట్టారు. ఆ చిన్న కుండలో ఏముందో తెలిసినవాళ్ళు ఇంట్లో లేరు. మొగుడు లారీ మీద ఉన్నాడు, ఆమె పొద్దంతా మంద వెంట ఉంది. రెండు రోజులు పగలంతా అది ఎండలోనే ఉంది. వైశాఖంలో తాండూరు బండ ఎంత కాలుతుందో నాకు తెలుసు. మా యూనిట్‌లో దాని మీద నీళ్ళు చల్లితే చుర్రుమనేది. ఏ రోజుకారోజు సాయంత్రం ఎవరో కుండను తిరిగి దాని చోట పెట్టారు. ఎండదెబ్బ తిన్న మందుకు రంగు మారదు, వాసన రాదు. చూడటానికి నిన్నటి మందులాగే ఉంటుంది.

వెంటనే ఆసుపత్రికి పొమ్మన్నాను. ఆయన లేడు, అత్త పండుగ పనిలో ఉంది, నువ్వు రా, నీతో పోదాం అంది. సీసా మంచులో పెట్టుకుని ఆటో మాట్లాడుకున్నాను. కోట్‌పల్లి దాటాక మళ్ళీ ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఊరి మలుపు తిరగకముందే డప్పులు వినిపించాయి. బోనాలు రేపు కదా, ఈ రోజు డప్పులెందుకు అని ఆటో అతను అన్నాడు. ఎందుకో నాకు అర్థమైంది. తొందరగా పోనివ్వమన్నాను.

వాకిట్లో గోడకు ఆనించి కూర్చోబెట్టారు. ముఖానికి పసుపు, జుట్టులో వేపమండలు. చుట్టూ ఆడవాళ్ళు. నిప్పుల మీద ఊదు వేసి వేసి వాకిలంతా తెల్లటి పొగ, ఎదుటి మనిషి కనబడనంత. ఆమె ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. ప్రతి ఊపిరికీ డప్పు జోరు పెరుగుతోంది. అత్త చేతిలో రాగి చెంబు ఉంది. నన్ను చూసి భక్తిగా, కాస్త భయంగా చెప్పింది:

"ఇయ్యాల మా తల్లి మస్తు గుస్స మీదున్నది అమ్మా. నాలుగు చెంబులు తాగింది. శాంతిస్తలేదు."

చెంబు లాక్కున్నాను. ఆమె పక్కన కూలబడ్డాను. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి, వాటి మీద బెల్లం పాకం అంటుకుని ఉంది. ఆమె కళ్ళు తెరిచింది. నన్ను గుర్తుపట్టింది. కుడి చెయ్యి చాలా కష్టం మీద లేచి మెడ వెనక్కి పోయి, తడిమి, ఒళ్ళో పడింది.

"సెమట లేదు పెద్దమ్మ" అంది.

అంతే అంది. తను చెప్పాల్సిన సగం అదే.

కొంగు చాటున సూది వేశాను. నేను అమ్మవారి పాదాలు పట్టుకున్నానని ఆడవాళ్ళు అనుకున్నారు. దిగకముందే తల్లిని కదిలించొద్దని అత్త అడ్డం వచ్చింది. జ్వరం ఎక్కువగా ఉంది, ఆసుపత్రికి తీసుకుపోతున్నానని మాత్రం చెప్పి ఆటోలో పడుకోబెట్టించాను. తల నా ఒళ్ళో ఉంది. పొగ వాసన వదిలాక, దారిలో, నాకూ తెలిసింది ఆ సీతాఫలం వాసన. నేను దాన్ని విన్నానే కాని అప్పటిదాకా ఎరగను. అనంతగిరి మలుపుల్లో ఆ పొడుగాటి ఊపిరి చిన్నదైంది. బాగవుతోందనుకున్నాను. వికారాబాద్ ఆసుపత్రిలో చెయ్యి పట్టుకుని చూసిన డాక్టర్ తల అడ్డంగా ఊపాడు.

మొగుడు మర్నాడు వచ్చాడు. అంతా విన్నాడు. కుండ బయట పెట్టిన సంగతి అతని నోటే నాకు తెలిసింది. అప్పుడు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఇంట్ల చెప్పకమ్మా. ఎల్లమ్మ తీస్కపోయిందనే అనుకుంటున్నరు. గట్లనే ఉండనియ్యి. చెంబుతోని పోసింది మా అవ్వ. తెలిస్తే ఆమె బతకది." చెబితే పోయిన మనిషి తిరిగి రాదు. ఆ లెక్క అక్కడికి ముగిసిందనే నేనూ అనుకున్నాను.

ఏడాది దినానికి వెళ్ళాను. గొర్ల దొడ్డి గోడ పక్కన ఆమె పేర ఒక బండ నిలబెట్టారు. నున్నగా పాలిష్ పట్టిన తాండూరు బండ, పసుపు, కుంకుమ. దాని మీద తేదీ లేదు. వచ్చినవాళ్ళంతా బెల్లం సాక పోసి మొక్కుతున్నారు. బండ మొదట్లో చీమల బారు నల్లగా, తాడులా, దొడ్డి గోడ మీదుగా పోతోంది. నా చేతికీ చెంబు ఇచ్చారు. నేను పోయలేకపోయాను. పక్కన పెట్టి చెయ్యి మాత్రం జోడించాను.

అప్పుడు పిల్ల వచ్చింది. ఆరేళ్ళది. పోయిన దసరాకు నేను కుట్టించి పంపిన గౌనే వేసుకుంది. అప్పుడు చేతుల దగ్గర బిగువైందని కబురు పెట్టారు. ఇప్పుడు అదే గౌను ఒక భుజం మీంచి జారిపోతోంది. తొట్టి దగ్గరికి పోయి చెంబుడు నీళ్ళు ఆపకుండా తాగింది. ఊపిరి తీసుకుని ఇంకో చెంబు ముంచింది.

నేను చూడటం చూసి పిల్ల నాయనమ్మ, ఆ ముసలామె, దగ్గరికి వచ్చింది. ఏడాదిలో బాగా వంగిపోయింది, కాని ముఖంలో వెలుగు ఉంది. పిల్ల తల నిమురుతూ గొంతు తగ్గించి చెప్పింది.

"వాళ్ళమ్మ మీదికొచ్చిన తల్లే దీని మీదికి దిగుతున్నదమ్మా. నెల సంది తల్లికి ఒకటే దూప. ఇది ఉచ్చ పోసిన కాడ సుత చీమలు పడుతున్నయ్, ఆ బండకు పడ్డట్టే. నిన్నటి సంది జర మగతగుంటున్నది. గందుకే పొద్దుమాపు సాక తాపుతున్న."

రాగి చెంబు ఆమె చేతిలోనే ఉంది.

నేను పిల్లను దగ్గరికి లాక్కున్నాను. మెడ వెనక చెయ్యి పెట్టాను. పొడిగా ఉంది, వేడిగా ఉంది. షుగర్ అంటే ఈమె నవ్వుతుంది, ఆరేళ్ళ పిల్లకా అంటుంది. అమ్మవారు కాదంటే చెంబు నా ముఖాన కొడుతుంది.

"చెల్లె" అన్నాను, "నువ్వు చిన్నప్పటి సంది గొర్లు కాసినవ్ గద. ఒక్కపారి పిల్ల నోటికాడ వాసన చూడు."

వింతగా చూసింది. అయినా వంగింది. ఈ రోజు పొగ లేదు. గాలి తేటగా ఉంది. పిల్ల గడ్డం పట్టుకుని, నోటి దగ్గర ముక్కు పెట్టి ఒకసారి పీల్చింది. మళ్ళీ పీల్చింది. అలాగే వంగి ఉండిపోయింది. ఆమె వీపు మాత్రమే నాకు కనబడుతోంది.

"సూడి గొర్రె" అంది చివరికి, ఎవరితోనో అన్నట్టు. "జంట పిల్లల సూడి గొర్రె."

చెంబు నేల మీద పెట్టింది. పెట్టిన చేతిని చీరకు తుడుచుకుంది. ఒకసారి తుడిచి, మళ్ళీ తుడిచింది. అప్పుడు లేచి నా ముఖంలోకి చూసి అడిగింది.

"ఆ దినం పొగల నాకు తెల్వలేదు. నా కోడలి నోరు గూడ గిట్లనే ఉండెనా అమ్మా?"

వెనక నిలబడ్డ కొడుకు నా వైపు చూశాడు. వద్దన్నట్టు చూశాడో, చెప్పమన్నట్టు చూశాడో నేను తేల్చుకోలేదు. ఉండె చెల్లె, అన్నాను.

ఆమె ఏడవలేదు. మంద వెనకబడ్డ గొర్రెపిల్లను ఎత్తుకున్నట్టు మనవరాలిని భుజాన వేసుకుని, బండ పక్కనుంచే, దాని వైపు చూడకుండా రోడ్డు మీదికి నడిచింది. కొడుకు పరుగెత్తి ఆటో పిలిచాడు. దారిలో అంతా చెప్పాను. తడి ఇసుక కుండ, నెలకొక సీసా, సూది, గీతలు, చల్లటి చెమటకు బెల్లం, పొడి మెడకు సూది. రెండు సగాలూ చెప్పాను. దొడ్డిలో గొర్ల మధ్య కూర్చుని సూది వేసుకునేదని చెప్పినప్పుడు, "గొర్లకు తెలుసునన్నట్టు" అంది ముసలామె.

అనంతగిరి మలుపులు మొదలయ్యాయి. పిల్ల ఆమె ఒళ్ళో నిద్రపోయింది. అది నిద్రో మగతో చూస్తూనే ఉన్నాను.

"ఆ మందు సల్లగ ఉంచాలె అంటివి గద అమ్మా" అంది ముసలామె. "మీ ఇంట్ల ఫ్రిజ్‌ల ఇంకింత జాగ ఉన్నదా?"

"ఉన్నది" అన్నాను.

పిల్ల ఊపిరి పొడుగ్గా తీస్తోంది. మెడ వెనక చెయ్యి పెట్టి మళ్ళీ చూశాను. పొడిగానే ఉంది. ఇంకా తొందరగా పోనివ్వమని ఆటో అతనికి చెప్పాను.